వెళ్ళొస్తా అన్నాడు

"చొక్కా ఏ రంగుదమ్మా?"

నరసమ్మ చేతిలో ఉన్న భర్త ఫొటో వంక చూసింది. ఫణీంద్ర వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

పలాసలో వీడియో యంత్రం పెట్టి ఏడాదయింది. దాని సంగతి తెలియని పాఠకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. మనం ప్రాంప్ట్ రాయాలి, అంటే ఏం చూడాలనుకుంటున్నామో మాటల్లో చెప్పాలి. అది కెమెరా లేకుండా, నటులు లేకుండా సినిమా తీసి పెడుతుంది. చెప్పనిది సొంతంగా కల్పించుకుంటుంది. చెప్పింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేస్తుంది. చిక్కంతా అక్కడే. "మా అమ్మాయి పెళ్ళి అదిరిపోవాలి" అని రాసిన ఒక పెద్దమనిషికి పెళ్ళిపందిరి భూకంపం వచ్చినట్టు ఊగిపోతూ కనిపించింది. పాపం, పురోహితుడు స్తంభం పట్టుకునే మంత్రాలు చదివాడు. అందుకే ప్రాంప్టులు రాసిపెట్టే కేంద్రాలు వెలిశాయి. పలాస కేంద్రంలో రాసిపెట్టే ఫణీంద్ర, యంత్రానికి తెలుగు నేర్పిన బృందంలో కూడా ఒకడు.

"తెల్దు బాబూ, నాను సూడనేదు," అంది నరసమ్మ చివరికి.

ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. భర్త కరెంటు లైన్‌మన్. తుఫాను వెలిసిన మర్నాడు తెగిన తీగలు కలపడానికి వెళ్ళి స్తంభం మీదే ప్రాణం వదిలాడు. ఆ పొద్దున్న ఆయన ఇల్లు దాటిన క్షణాన్ని ఒక్కసారి చూడాలని ఆమె వచ్చింది. ముఖం కోసం ఆయన ఫొటో తెచ్చింది. మిగతాదేదీ ఆమె దగ్గర లేదు.

"పోపు ఏసినాను బాబూ. ఆవాలు సిటపటలాడతన్నాయి. ఎనకనించి 'ఎల్లొస్తా' అన్నాడు. తిరిగితే పోపు మాడిపోద్దని 'ఊఁ' అన్నాను. అంతే. మొకం సూడనేదు."

"పోనీ, ఏం గుర్తుందమ్మా?" అన్నాడు ఫణీంద్ర.

"ఇన్నదంతా గురుతుంది. గడియ తీసిన సప్పుడు, ఆయన దగ్గు, సైకిల్ స్టాండు తన్నిన సప్పుడు."

"అయితే విన్నదే రాద్దాం."

రాశాడు. భార్య పొయ్యి ముందు ఉంది. ఆవాల చప్పుడు. గుమ్మం దగ్గర గడియ తీసిన చప్పుడు, దగ్గు. భర్త "వెళ్ళొస్తా" అంటాడు. భార్య వెనక్కి తిరగదు. సైకిల్ స్టాండు చప్పుడు.

తెర వెలిగింది. చొక్కాకు యంత్రమే నీలం రంగు వేసుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి, "వెళ్ళొస్తా" అని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. గుమ్మం కాసేపు ఖాళీగా ఉంది. అంతలో సైకిల్ బెల్లు మోగింది. ఆయన తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ గడప మీద నిలబడ్డాడు. పొయ్యి ముందున్న ఆవిడ మాత్రం అటే తిరిగి ఉంది.

నరసమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. తెర మీదున్న తననే తిడుతూ, "తిరగవే! వొచ్చేసినాడే, తిరగవే!" అని అరిచింది.

ఫణీంద్ర తెర ఆపేశాడు. "క్షమించమ్మా, తప్పు మాది. వెళ్ళొస్తా అంటే వెళ్తున్నానని మాత్రమే అర్థమని దానికి నేర్పలేదు. వెళ్ళడం, రావడం రెండూ చేసేసింది. సరిచేస్తాను."

"తప్పేటి బాబూ? ఆయనన్నదే కదా అది సేసింది."

నిజమే. ఇల్లు దాటే మనిషిని వెళ్ళిరమ్మంటామే తప్ప వెళ్ళమని నోట అనని జనం మనం. అందులో రెండో సగం, అంటే తిరిగి రావడం, మన చేతిలో లేదని యంత్రానికి చెప్పాలని ఫణీంద్రకు తట్టలేదు. ఎవరికి తడుతుంది?

"ఒక్క ముక్క మార్సండి. నాను తిరిగినట్టు రాయండి," అంది ఆమె.

"అలాగే. ఆయన వచ్చాక తిరిగినట్టు రాయనా?"

నరసమ్మ తల అడ్డంగా ఊపింది.

"వొద్దు బాబూ. వొచ్చాక ఎవరైనా సూస్తారు. ఎల్లేటప్పుడు సూడాల."

మళ్ళీ తెర వెలిగింది. "వెళ్ళొస్తా" అనగానే ఆవిడ మూకుడు వదిలేసి వెనక్కి తిరిగింది. కళ్ళారా చూసింది. ఆయన కాస్త ఆశ్చర్యపోయి, సిగ్గుపడ్డట్టు నవ్వి వెళ్ళాడు. ఆమె వెనక పోపు నల్లగా మాడి పొగలు లేచాయి. ఆ పొగ సంగతి ఎవరూ రాయలేదు.

గుమ్మం ఖాళీ అయింది. ఆయన తిరిగొచ్చేదాకా నరసమ్మ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, "ఎల్లొస్తా బాబూ," అంది. ఫణీంద్ర లేచి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు. యంత్రం తప్పు గురించి పైవాళ్ళకు పంపాల్సిన రిపోర్టు ఆయన ఇప్పటికీ పంపలేదు.

జీడిపప్పు ఒలిచే చోట నరసమ్మ ఈ సంగతంతా చెప్పింది. విన్నవాళ్ళు ఇళ్ళకెళ్ళి చెప్పారు. గ్రహాల్నీ యుద్ధాల్నీ చూపించగల ఆ యంత్రం దగ్గరికి రావడం జనం క్రమంగా తగ్గించేశారు. ఇంట్లో ఎవరు వెళ్ళొస్తా అన్నా, పొయ్యి ముందున్నవాళ్ళు గరిటె వదిలేసి వెనక్కి తిరుగుతున్నారు. మధ్యాహ్నం పలాసలో ఏ క్యారేజీ మూత తీసినా మాడిన పోపు వాసనే.