ద్రాక్ష దేవుడి శనివారాలు

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ లైబ్రరీలో ఆ శనివారం మధ్యాహ్నం పట్టుమని పదిహేను మంది లేరు. వాళ్ళలో సగం మంది బయటి వానకు జడిసి లోపలికొచ్చినవాళ్ళే. డాక్టర్ శశికాంత్ కూడా అంతే. ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికి నడుస్తుంటే నవంబరు వాన మొహాన అడ్డంగా కొట్టింది. కనపడిన తలుపు తోసుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

తెర మీద పాత గ్రీకు మట్టిపాత్ర మీది బొమ్మ ఒకటి. పడవలో ఒక దేవుడు పడుకుని ఉన్నాడు. తెరచాప కొయ్యకు ద్రాక్షతీగ అల్లుకుని గుత్తులు వేలాడుతున్నాయి.

"ఈయన డయోనైసస్. ద్రాక్షసారాకు దేవుడు, నాటకానికీ పూనకానికీ కూడా దేవుడు. అణిగిమణిగి బతికేవాళ్ళు ఒక్క పూట తమ హద్దులు మరిచిపోగలిగింది ఈయన పండగలోనే" అంటోంది తెర పక్కన నిలబడ్డ అమ్మాయి, ఇంగ్లీషులో. పేరు నిఖిల. మెయ్‌నూత్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఈ దేవుడి గురించి నాలుగు శనివారాలు మాట్లాడటానికి ఒప్పుకుంది.

ఆ ఉదయమే శశికాంత్ ఒకావిడకు, తాగుడుతో చెడిన ఆమె భర్త లివర్ ఇక కోలుకోదని చెప్పి వచ్చాడు. ప్రశ్నలుంటే అడగండి అనగానే లేచి నిలబడ్డాడు.

"బొమ్మలన్నీ బాగున్నాయి. ఒక్కదాంట్లోనూ కళ్ళు పచ్చబడ్డ మనిషి లేడు. పొట్ట ఉబ్బినవాడు లేడు. మీ దేవుడి భక్తులు మా వార్డులో ఉన్నారు, వచ్చి చూడండి."

ముందు వరుసలోని ముసలాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. నిఖిల, "సరైన ప్రశ్నే. వచ్చే శనివారం దాని దగ్గరికే వస్తాను" అంది.

శశికాంత్ వెళ్ళిపోతుంటే వరండాలో వెనకనుంచి నిఖిల గొంతు తెలుగులో వినిపించింది.

"ఏ ఊరండి మీది?"

అతను తిరిగి చూశాడు. "తెలుగువాణ్ణని ఎలా తెలిసింది?"

"కోపమొస్తే మీ ఇంగ్లీషు సీదా గుంటూరు జిల్లాకు పోతది."

"తెనాలి."

"నాది నల్లగొండ దిక్కు. ఐర్లండ్‌ల నన్ను నిలదీసిన మొదటి మనిషి మనోడే అయిండు. ఇక్కడోళ్ళన్నట్టు, గ్రాండ్." నవ్వుతూనే అంది గానీ కళ్ళు అతన్ని వదల్లేదు. "మీ కోపం దేవుడి మీదనా, ఇంకెవరి మీదనన్ననా?"

అతను తడి కోటు తొడుక్కుని వానలోకి నడిచాడు.

మరుసటి శనివారం క్షమాపణ చెప్పాలని వెళ్ళాడు. తనకు తాను చెప్పుకున్న కారణం మాత్రం అదే. నిఖిల అతన్ని చూసింది, చూడనట్టే మొదలుపెట్టింది.

"పోయిన వారం ఒక కథ చెప్పకుండా వదిలేశాను. డయోనైసస్ మొదటిసారి ద్రాక్షసారా ఇచ్చింది ఒక పేద రైతుకు. ఆయన దాన్ని సంతోషంగా ఇరుగుపొరుగుకు పంచాడు. వాళ్ళు నీళ్ళు కలపకుండా తాగారు. ఒళ్ళు తూలేసరికి, విషం పెట్టాడని ఆయన్ని కొట్టి చంపేశారు. తెల్లారి మత్తు దిగాక తెలిసింది, తాగినవాళ్ళలో ఎవరూ చావలేదని. రైతు కూతురు వెతుక్కుంటూ వెళ్ళి తండ్రి శవాన్ని చూసింది. ఆమె కూడా బతకలేదు. గ్రీకులు ఈ కథను దాచిపెట్టలేదు. ఏటా ఆ అమ్మాయి కోసం ఒక పండగ చేశారు."

శశికాంత్ మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయాడు. ప్రసంగం అయిపోయాక నిఖిల వచ్చేసరికి గుమ్మం చూరు కింద నిలబడి ఉన్నాడు.

"మత్తును విషం అనుకున్నారు వాళ్ళు. నేను విషాన్ని మత్తు అనుకున్నాను" అన్నాడు, అడక్కుండానే.

ఆమె పక్కన నిలబడింది.

"మా అన్నయ్య ఒకడుండేవాడు. కాలేజీలో లెక్చరర్. తాగుడు. మా ఇంట్లో అందరం వాడితో విసిగిపోయాం. మూడేళ్ళ క్రితం ఫోన్ చేసి, నలభై రోజులైంది మానేసి అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. తాగి అబద్ధాలాడకు అని కట్ చేశా. అది తాగుడు కాదండీ. లివర్ పోతే మెదడు మొద్దుబారుతుంది, మాట అలాగే తడబడుతుంది. ఇక్కడ రోజూ జూనియర్లకు నేను చెప్పే పాఠమే. నాలుగో రోజు పోయాడు. నిజంగానే మానేశాడట. అప్పట్నుంచి ఇంట్లో ఎవరం వాడి పేరెత్తం."

నిఖిల ఓదార్చలేదు. "మా నాయిన గీత కార్మికుడు, కల్లు గీసేటోడు" అంది. "తాటిచెట్టు మీదికెళ్ళి పడ్డడు. నేను ఇంటర్ సెకండియర్. పదకొండు దినాలు గానే మా అమ్మ పోయి అదే చెట్టుకు బొట్టు పెట్టొచ్చింది. ఎందుకమ్మా అంటే చెప్పలే. అన్నం పెట్టిన చెట్టే మనిషిని తీస్కపోతే దానికెట్ల మొక్కుతరు? అది తెల్సుకుందామనే ఈ చదువుల పడ్డ."

"తెలిసిందా?"

"ఇంకా లే."

వాన మధ్యలో ఒకసారి ఆగింది, మళ్ళీ మొదలైంది. ఇద్దరూ కదల్లేదు.

మిగిలిన రెండు ప్రసంగాలూ అయిపోయాక శనివారాలకు లైబ్రరీతో పని లేకపోయింది. అతను మెయ్‌నూత్ వెళ్ళేవాడు. కాలువ గట్టున, మొండి చెట్ల కింద నడిచేవాళ్ళు. ఒకసారి ఆమె పోర్ట్‌లీష్‌లో అతని ఇంటికొచ్చి వంటింటి అలమర, ఇక్కడివాళ్ళ మాటలో ప్రెస్, తెరిచి చూసింది.

"డాక్టర్ సాబ్, ఇదేంది? అన్నీ నూడుల్స్ ప్యాకెట్లేనా?"

"పక్కన ఆవకాయ ఉంది చూడు."

"మూత తీస్తే బూజు గూడ ఉంది."

అతను నవ్వాడు. చాలా రోజుల తర్వాత తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. ఏ రోజునుంచి మీరు పోయి నువ్వు వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు.

డిసెంబరులో అంతా చెడింది. నిఖిల డిపార్ట్‌మెంట్ వాళ్ళ క్రిస్మస్ విందు జరుగుతున్న మధ్యాహ్నం, ఆమెను తీసుకెళ్దామని వచ్చాడు. గుమ్మంలోంచి చూస్తే నిఖిల చేతిలో ఎర్రటి వైన్ గ్లాసు. ఎవరితోనో నవ్వుతోంది. ఆమె బయటికి రాగానే అనేశాడు.

"ఎంతైనా కల్లు ఇంటి పిల్లవి కదా."

ఆమె కోటు వేసుకోబోయి ఆగింది.

"అర గ్లాసు తాగిన. అబద్ధం చెప్ప" అంది. "కానీ నువ్వన్నది నా గ్లాసును కాదు, మా నాయినను." తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి నెలంతా చీకటిగానే గడిచింది. పొద్దున చీకట్లో ఆసుపత్రికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆమె ఫోన్ ఎత్తలేదు. ఒక రోజు వార్డులో కొత్తగా చేరిన నర్సు, "ఈ పేషెంట్ తాగి వచ్చినట్టున్నాడు, మాట తడబడుతోంది" అంది. "తాగాడని ముందే అనుకోవద్దు. ముందు చూడాలి" అన్నాడు శశికాంత్. అంటూనే ఆగిపోయాడు. అన్నయ్య మాట వినకుండా ఫోన్ పెట్టేసినవాడే, ఆ రోజు గుమ్మంలో నిలబడి నిఖిలను కూడా చూడకుండానే తీర్పు చెప్పాడు.

ఫిబ్రవరి మొదటి శనివారం కాలువ గట్టున ఆమె ఎదురుపడేదాకా తిరిగాడు. ఆమె ఆగింది గానీ దగ్గరికి రాలేదు.

"తప్పు మాట అన్నాను. కోపంలో వచ్చింది కాదు. లోపల ఉన్నదే వచ్చింది. దాన్ని నాలోంచి తీసేసుకోవాలి. నువ్వు క్షమించకపోయినా తీసేసుకుంటాను."

"ఇంకా?"

"వైన్ గ్లాసు చూస్తే నాకు భయం. అది పోతుందో లేదో తెలియదు. నువ్వు లేకపోతే మాత్రం నాకు శనివారం లేదు. నువ్వంటే ఇష్టం నిఖిలా."

ఆమె నీళ్ళ వైపు తిరిగింది.

"నేను పొమ్మందామనే ఆగిన" అంది చివరికి. "నోరు రాట్లే. నాకు గూడ ఇష్టమే, ఏం జేయాలె. కానీ తప్పయిందన్న మాట నాకొక్కదానికి చెప్తే సరిపోదు."

అక్కడే బెంచీ మీద కూర్చుని నల్లగొండకు వీడియో కాల్ కలిపింది. తెర మీద తల్లి నాగరత్నం మొహం కనపడింది. కూతురు అంతా ముందే చెప్పి ఉంచిందని ఆ చూపులోనే తెలుస్తోంది.

"కల్లు ఇంటి పిల్ల అన్నవట."

"అన్నానండీ. తప్పయింది. మన్నించండి."

"అనేటోళ్ళను శాన మందిని చూసిన. మల్ల ఫోన్ జేసి తప్పయిందన్నోణ్ణి చూడలే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ అన్న తాగి పోయిండంట గదా."

"అవునండీ."

"మా ఆయన గీసి పోయిండు." ఆమె ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "మీ అన్న పేరేంది బిడ్డా?"

మూడేళ్ళుగా పలకని పేరు. "రామ్మోహన్" అన్నాడు శశికాంత్.

"రేపు మా గీతోళ్ళ దేవుడు కాటమయ్య ముందట సాక పోస్త, కల్లు ధార. మా ఆయన పేరు జెప్పి పోస్తనే ఉంట. మీ అన్న పేరు గూడ జెప్త."

కల్లు అనగానే అతను వెనక్కి జరిగాడు. ఆమెకు అర్థమైంది.

"భయపడకు. ఆయన పేరు మీద కల్లు పొయ్య. బెల్లం నీళ్ళు పోస్త. మానేసిండు గదా."

శశికాంత్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ మాట రామ్మోహన్ బతికుండగా ఎవరూ నమ్మలేదు, అతనితో సహా.

"ఏందే, మాట్లాడడేంది పిల్లగాడు?" అంది నాగరత్నం.

"ఏడుస్తుండమ్మా" అంది నిఖిల, అతని వీపు మీద చెయ్యి వేసి. "ఏడ్వనీ."