వేడెక్కని ఫోన్

ఉదయం పదకొండు గంటలకు పెద్దాయన బల్ల మీద పది కాగితాలు పరిచాడు. ఆ ఆఫీసులో గూఢచారి బతికినా చచ్చినా ఫారం నింపాల్సిందే. గడి ఖాళీగా ఉంటే చచ్చినవాడి ఫారమైనా వెనక్కి వస్తుంది.

"కూర్చోండి, మాస్టారూ."

అతను కూర్చున్నాడు. బయటివాళ్లకు అతను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారు. ఈ మేడలో మాత్రం ఏజెంట్ నలభై ఒకటి. నలభై రెండు అతని భార్య. ఆమెను లారీ గుద్ది ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. అప్పటి నుంచి అతనికి ఆకలి తెలియడం లేదు, ఎండ తెలియడం లేదు. గడియారం చూసి తింటున్నాడు. పక్కవాళ్లు చెమట తుడుచుకుంటే తనూ తుడుచుకుంటున్నాడు.

"సరిహద్దు అవతలి ముఠా మన డ్యామ్ గేట్ల కంట్రోల్ కోడ్ల కోసం వల వేసింది," అన్నాడు పెద్దాయన. "కోడ్లు చేతిలో ఉన్న ఇంజనీరు చివరి నిమిషంలో మనవైపు వచ్చేశాడు. రేపు విచారణలో ముఠా మనుషుల పేర్లన్నీ చెబుతాడు."

"రేపటిదాకా బతికితే."

"అదీ సంగతి. ఇవాళ నాలుగింటికి ముహూర్తం పెట్టారని కబురు. ఎవరు చేస్తారో తెలీదు. మనం దాచిన ఇల్లు వాళ్లకు తెలిసిందో లేదో కూడా తెలీదు. వాళ్ల ఆర్డర్లన్నీ దీంట్లో వస్తాయట."

ఫోన్ తిప్పి చూపించాడు. అదొక గ్రాఫిక్స్ బెంచ్‌మార్క్ యాప్, పేరు 'జలపాతం'. ఫోన్ ఎంత వేగంగా బొమ్మలు గీయగలదో పరీక్షించి మార్కులు వేస్తుంది. నిమిషంన్నర సేపు తెర మీద నీళ్లు దూకుతాయి, చివర స్కోరు వస్తుంది. ఫోన్ల పిచ్చి ఉన్నవాళ్లు లక్షల్లో వాడుతున్నారు.

"పది మంది ఏజెంట్లు పది ఫోన్లలో నడిపారు. నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇవిగో రిపోర్టులు. మోడల్, స్కోరు, సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, వేడి."

"వేడి దేనికి, సార్?"

"పరీక్ష అయ్యాక బ్యాటరీ ఎంత వేడెక్కిందో కూడా చూపిస్తుంది. చూపించింది కదా అని ఒక గడి పెట్టాం." పెద్దాయన ఒక నోట్‌బుక్కు తెరిచి ముందుకు జరిపాడు. "మీ ఆవిడ నోట్‌బుక్కులో ఆఖరి పేజీ. 'దీనికి ఫోన్ వేగం చాలదు' అని రాసింది. మార్కెట్లోకల్లా వేగమైన ఫోన్ తెప్పించాం. అందులో నీళ్లు ఇంకా అందంగా కనిపించాయి."

అక్షరాలు ఆమెవే. అతను పేజీ మూసి, కాగితాలు చంకలో పెట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నల్లకళ్లద్దాలు, ఆ తర్వాత మనిషి. ఆఫీసంతా ఆమెను 'గాగుల్స్' అంటుంది. రెండేళ్లుగా ముఠాలో ఆమె మన మనిషి. ముఠా ఆమెను తన మనిషే అనుకుంటోంది.

"నేనూ నడిపాను, మాస్టారూ. నీళ్లే. మీ ఆవిడ ఉండుంటే ఈపాటికి తేల్చేసేది." పెద్దాయన వైపు తిరిగింది. "మూడున్నరకు ఇంజనీరు దగ్గర డ్యూటీ ఎక్కుతున్నా. గేటు దగ్గర కాపలావాడు, గదిలో నేను."

"జాగ్రత్త," అన్నాడు పెద్దాయన.

"చీమను కూడా దూరనివ్వను."

మధ్యాహ్నమంతా అతను పదకొండో ఫోన్లో, పన్నెండో ఫోన్లో నీళ్లు చూస్తూ కూర్చున్నాడు. రెండున్నరకు లేచాడు. ఫోన్ చాలదని ఆమె రాసిందంటే ఏ ఫోనూ చాలదనే. ఒక మాట ఎక్కువ రాసే మనిషి కాదు.

ల్యాబ్ నేలమాళిగలో ఉంది. అక్కడి టెక్నీషియన్ అతని మరదలే, భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. లారీ గుద్దిన రోజు నుంచి అతని ముఖంలోకి చూసి మాట్లాడటం మానేసింది.

"ఫోన్ యాప్ డెస్క్‌టాప్‌లో నడుస్తుందా?"

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"నడుస్తుంది, బావా. ఎమ్యులేటర్ అని ఉంటుంది. కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి ఫోన్ తయారుచేస్తుంది. యాప్ తను ఫోన్లోనే ఉన్నాననుకుంటుంది. బొమ్మలు గీసేది మాత్రం ఈ పెద్ద గ్రాఫిక్స్ కార్డు."

మూలనున్న డెస్క్‌టాప్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె గుడ్డ తీసింది, ముందుగా నెట్ కేబుల్ పీకేసింది. దేనికోసమూ వెతుక్కోలేదు. అన్నీ అందులో సిద్ధంగానే ఉన్నాయి. ఫోన్లోకి ఇవాళ వచ్చిన తాజా యాప్‌ను ఎక్కించాల్సి వచ్చింది, అంతే.

నీళ్లు దూకడం మొదలుపెట్టాయి. తెర మూలన అంకెలు పరిగెత్తాయి. ఎనభై ఫ్రేములు, నూట నలభై, నూట తొంభై. రెండు వందలు దాటగానే జలపాతం నడిమికి చీలి తెరలా పక్కకు తప్పుకుంది. వెనకాల పచ్చ గేటు ఉన్న రెండంతస్తుల మేడ, పై అంతస్తు కిటికీ మీద ఎర్ర గీత, గోడమీద నాలుగు చూపిస్తున్న గడియారం. ఏ ఫోనూ ఆ వేగం అందుకోలేదు. అందుకే ఆ గేటును ఏ ఫోనూ చూడలేదు.

"మనం దాచిన ఇల్లే," అన్నాడతను.

నీళ్లు మళ్లీ కలిసిపోయాయి. స్కోరు వచ్చింది. దాని కింద, బ్యాటరీ వేడి: 25.0.

"ఇంత పనిచేసి ఇరవై ఐదేనా?"

"బ్యాటరీ ఉంటేగా, బావా, వేడెక్కడానికి! ఏం నడిపినా ఇరవై ఐదే చూపిస్తుంది. అది మార్చాలని ఎవరికీ తోచదు." ఆమె స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది. "నాకూ తోచలేదు."

అతను తల తిప్పాడు.

"అక్కకు ఇది పెట్టిచ్చింది నేనే. ఇంట్లో కంప్యూటర్‌కు. నెట్ ఆపమని చెప్పలేదు. స్కోరు, వేడి, రెండూ వాళ్లకు వెళ్లిపోతాయని నాకప్పుడు తెలీదు. ఏ ఫోనుకూ రాని స్కోరు, ఏ ఫోనుకూ ఉండని చల్లదనం. తమవాళ్లు కాని ఎవరో కంప్యూటర్లో చూస్తున్నారని పట్టేశారు. మూడో రోజు లారీ." ముక్కు తుడుచుకుంది. "ఆఫీసులో చెప్పేదాన్నే. నోరు రాలేదు. ఇరవై రెండు రోజులు నోరు రాలేదు, బావా."

చేతులకు పని కావాలి గనక కాగితాలు తీశాడు. పదిహేడేళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దిన కళ్లు అవి. ఎవరు ఎవరి దగ్గర చూసి రాశారో అంకెలే చెప్పేస్తాయి. వేడి గడులన్నీ వరసగా చూసుకుంటూ పోయాడు. నలభై ఒకటి. నలభై మూడు. ముప్ఫై తొమ్మిది. నలభై రెండు.

ఏడో కాగితం దగ్గర వేలు ఆగింది. ఫ్రేములు ముప్ఫై. వేడి ఇరవై ఐదు పాయింట్ సున్నా. కింద గాగుల్స్ సంతకం.

"ముప్ఫై ఫ్రేములేనే?"

మరదలు వంగి చూసింది. "వేగానికి కళ్లెం వేసింది, బావా. సెట్టింగుల్లో ముప్ఫైకి బిగిస్తే అచ్చం ఫోన్ రిపోర్టులాగే వస్తుంది. ఆ యాప్ ఫోన్లో కూర్చుని ఏమేం వింటుందో తెలిసినవాళ్లు దాన్ని సొంత ఫోన్లో పెట్టుకుంటారా?"

"వేడి ఎందుకు రాసింది మరి?"

"మన ఫారం కదా. గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపిస్తారు."

టైము మూడున్నర దాటింది. ఆ ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేది గాగుల్సే. గేటు కాపలావాడి ఫోన్ రూలు ప్రకారం ఆఫీసు బీరువాలో ఉంది. మనుషుల్ని వెంటబెట్టుకుని వెళితే ఆమె నాలుగుదాకా ఆగదు. అతను మారువేషాల గదిలోకి వెళ్లాడు.

నాలుగుకు ఐదు నిమిషాల ముందు పచ్చ గేటు ముందు ఒక కూలర్ మెకానిక్ నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, టూల్ బాక్సు, కొంచెం వంకరగా అతుక్కున్న మీసం.

"కూలర్ ఎలాంటి చప్పుడు చేస్తోంది?" అన్నాడు కాపలావాడు. అది ఆ రోజు కోడ్.

"అలిగిన మేనమామలా."

గేటు తెరుచుకుంది. "నాలుగింటికి నా డ్యూటీ అయిపోతుందండీ."

"ఇవాళ అవ్వదు. మెట్ల మీద ఉండు. పిలిస్తే రా."

పైగదిలో ఇంజనీరు ఒంటరిగా పేకముక్కలు పరుచుకుంటున్నాడు. అతని కుర్చీ వెనకాల గాగుల్స్.

"వచ్చావా, నాయనా! మూడు రోజులుగా ఈ డబ్బా వేడిగాలి ఊది నన్ను ఉడకబెడుతోంది," అన్నాడు ఇంజనీరు.

మెకానిక్ వంగి కూలర్ ఆపి, దాన్ని కుర్చీకి ఎదురుగా జరిపి, మూతిని అటు తిప్పాడు. కూలర్ అడుగున ఉన్న స్విచ్చి పక్కన మడమ ఆనించి నిలబడ్డాడు.

"మాస్టారూ," అంది గాగుల్స్ నెమ్మదిగా, "మీసం వంకరగా ఉంది."

ఆమె చేతికి గ్లవ్ ఉంది, గ్లవ్‌లో చిన్న సెంటుబుడ్డి. దాని మూతి ఇంజనీరు మెడకు జానెడు దూరంలో.

"సెంటేనా?"

"చర్మం మీద పడితే రెండు నిమిషాలు. గుండెపోటని రాసుకుంటారు. ఎలా పట్టుకున్నారు?"

"ఏడో కాగితం. వేడి ఇరవై ఐదు."

ఆమె నవ్వింది. "ఫారం! ఛ. అయినా మీరూ అంతేగా. మీ ఆవిడ ఏ టైముకు ఇంట్లోంచి బయల్దేరుతుందో లారీవాడికి చెప్పింది నేనే. అది విని కూడా రాయిలా నిలబడ్డారు. మీకూ బ్యాటరీ లేదు, మాస్టారూ."

"అమ్మా, నేను మీ మధ్యలోనే కూర్చున్నాను," అన్నాడు ఇంజనీరు సన్నగా.

"తల దించండి," అన్నాడు మాస్టారు.

గోడగడియారం నాలుగు కొట్టింది. ఆమె వేలు బుడ్డిని నొక్కింది. అతని మడమ స్విచ్చిని నొక్కింది. కూలర్ ఒక్కసారిగా ఊదింది. పేకముక్కలు లేచి కప్పుకు తగిలాయి. ఇంజనీరు బల్ల కిందకు జారాడు. చల్లిన సెంటు చల్లిన చేతి మీదుగా వెనక్కి వెళ్లి ఆమె ముఖాన పడింది.

ఆమె మోకాళ్ల మీద కూలబడింది. "బ్యాగులో... విరుగుడు... నీలం సూది."

బ్యాగు తెరిచాడు. సూది దొరికింది. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలంటే నూట ఇరవై. పది లెక్కపెట్టాడు. ఇరవై. నలభై. కోపం వస్తుందేమోనని చూశాడు.

"ఏంటయ్యా చూస్తున్నావ్, పోతోంది!" అని బల్ల కింద నుంచి కేక వేశాడు ఇంజనీరు.

కోపం రాలేదు. రానిదాని కోసం మనిషిని చంపలేక, అరవై దగ్గర సూది గుచ్చాడు. తర్వాత కాపలావాడిని పిలిచాడు.

ఆరింటికి మళ్లీ ల్యాబ్‌లో ఉన్నాడు. పెద్దాయన ఫారం పట్టుకుని అక్కడికే వచ్చాడు.

"ఇంజనీరు క్షేమం. గాగుల్స్ బతుకుతుంది, రేపు విచారణలో ఆవిడా మాట్లాడాల్సిందే. ఒక్క గడి మిగిలింది. ఎమ్యులేటర్ సంగతి ముందే ఎవరికైనా తెలుసా?"

మరదలు లేచి నిలబడింది. ఈసారి నోరు వచ్చేలా ఉంది.

"నలభై రెండుకు తెలుసు," అన్నాడు మాస్టారు. "కనిపెట్టింది ఆవిడే. అలాగే రాయండి."

పెద్దాయన ఇద్దరినీ ఒకసారి చూసి, రాసుకుని వెళ్లిపోయాడు.

"ఎందుకలా చెప్పావ్, బావా?"

"నెట్ సంగతి నీకు తెలీదు. నాకూ తెలీదు. మీ అక్కకూ తెలీదు." బల్ల మీది కాగితాలు సర్దాడు. "రేపటి నుంచి ఇంటికి వస్తూ ఉండు. నేను గడియారం చూసి తింటున్నాను. ఎవరైనా పిలిస్తే బాగుంటుంది."

ఆమె దగ్గరికి వచ్చింది. ఇరవై రెండు రోజుల్లో మొదటిసారి అతని ముఖంలోకి చూసి, కనుబొమలు ముడిచి, చేతి వెనకవైపు అతని నుదుటి మీద ఆనించింది.

"బావా! ఒళ్లు కాలిపోతోంది. ఎప్పటి నుంచి జ్వరం?"

"జ్వరమా?"

"పెనంలా ఉంటే తెలియలేదా నీకు?"

అతను తన చెయ్యి కూడా నుదుటికి ఆనించి చూసుకున్నాడు. నిజంగానే వేడిగా ఉంది.

"అయితే," అన్నాడు, "నేను అసలైన ఫోన్‌నే అన్నమాట."