పేరు అడిగే మోటరు రూము

తాడ్వాయి దాటి ఎల్లారెడ్డి దిక్కు పోయే తోవలో, మలుపు మీద ఒక పాత మోటరు రూము ఉంది. బాయి ఎండిపోయి ఏండ్లయింది. తలుపు లేదు, పైన సగమే రేకులు. నిరుటి వానకాలం నుంచి దానికి చెడ్డపేరు. చీకటి పడితే లోపలినుంచి ఒక మగ గొంతు పలకరిస్తదట, పేరు అడుగుతదట. పేరు చెప్పిన పాలాయన మూడు రోజులు జ్వరంతో లేవలేదని అంటారు.

తాడ్వాయిలో పంక్చర్లు వేసే ఇస్మాయిల్, ఆ రాత్రి బండి మీద ఎల్లారెడ్డికి పోతున్న యోబుకు అదే చెప్పాడు.

"టైరు పాతది భాయ్. యాడనన్న ఆగు గని ఆడ ఆగకు. పేరడిగితె సప్పుడు జెయ్యకు."

"దయ్యానికి నా పేరెందుకు? మనుషులకే యాదికి లేదు," అని నవ్వాడు యోబు.

నవ్వాడు గాని, అది నవ్వే మాట కాదు. ఇరవై ఏండ్ల కింద ఆ పేరు హైదరాబాద్ ఆటోలన్నిట్లో మోగింది. గలగల ఎఫ్‌ఎం అంటే నగరంలో హిట్టు పాటలకు పెట్టింది పేరు. రోజూ రాత్రి పది పాటలు, నడుమ నడుమ యోబు ముచ్చట్లు. ఫోన్లు మంగలంలో పేలాల్లా చిటపటలాడేవి. తర్వాత పాటలు జనం చేతుల్లోని ఫోన్లలోకే వచ్చేశాయి. "మాట రాంగనే జనం స్టేషన్ మారుస్తున్నరు" అన్నారు స్టేషన్ పెద్దలు. నాలుగు నిమిషాల ముచ్చట నిమిషమైంది, నిమిషం పదిహేను సెకండ్లయింది. ఆఖరుకు కంప్యూటరే పాట వెనక పాట వేసింది. కొన్నాళ్లకు స్టేషనే మూతపడింది. యోబు ఎల్లారెడ్డికి వచ్చి సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చున్నాడు.

ఇన్నాళ్లకు కామారెడ్డిలో కొత్తగా పెడుతున్న చిన్న రేడియో నుంచి పిలుపు. తెల్లారి ఎనిమిదింటిలోపు పది నిమిషాలు మాట్లాడి, రికార్డు చేసి పంపాలి, లేకుంటే ఉద్యోగం ఇంకొకరికి. మూడు రాత్రులు ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నోరు పెగల్లేదు. వినేవాళ్లే లేనప్పుడు ఎవరితో మాట్లాడాలి?

మలుపు వచ్చింది…

టైరు ఫట్‌మంది.

చుట్టూ మక్క చేను. ఆకు కదలడం లేదు. బండి తోసుకుంటూ నాలుగడుగులు వేశాడో లేదో—

"హలో… ఎవరున్నారు?"

యోబు బండి ఆపి చెవులు రిక్కించాడు.

"వినిపిస్తోందా…? పేరు చెప్పండి…"

మోటరు రూములోంచే! యోబు లోలోపలే ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ గొంతు విన్నదే… బాగా తెలిసినదే… కానీ ఎవరిది?

"నేను… మీ యోబుని!"

బండి దభీమని కిందపడింది.

"ఎవర్రా అది!" మక్కల నడుమ టార్చి వెలిగింది. కట్టె పట్టుకుని ఒక ముసలవ్వ. "పందివా, మనిషివా?"

"మ… మనిషినే అవ్వా."

"మనిషివైతె మనిషి లెక్క నిలవడు. గట్ల వణుకుతవేంది?"

ఆ చేను చంద్రవ్వది. ముచ్చట ఆమె నోటే తేలింది. తమ్ముడు గంగారాం గలగల ఎఫ్‌ఎంలో వాచ్‌మన్. మూతపడ్డనాడు ఎవరో పాత ప్రోగ్రాములు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తే ఇంటికి తెచ్చుకున్నాడు. అడవిపందులు రాకుండా చేలల్లో రాత్రంతా పాటలు పెట్టడం అక్కడ అందరూ చేసేదే. చంద్రవ్వ కూడా పెన్‌డ్రైవ్‌ను స్పీకరుకు తగిలించి, వానకు తడవకుండా మోటరు రూములో పెట్టింది.

"పాటలకు నెల్లాళ్లకే మరిగినయి కొడుకా. పాట ఇనుకుంట కంకులు మేసినయి! ఈ పిలగాని మాటకు మాత్రం ఒక్కటి రాలె. అందుకే పాటలన్ని తీపిచ్చి, మాటలే ఉంచిన."

యోబు గట్టు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఆ పిలగాణ్ని నేనే అవ్వా."

చంద్రవ్వ టార్చి మొహం మీద వేసింది. "నువ్వా? గొంతు గంతుంది, మనిషివి గింతేనా! సరే, మంచిగనే దొరికినవ్. పాత ముచ్చట్లు గూడ పందులకు నోటికొచ్చినట్టున్నయి. నిన్న ఒకటి గట్టెక్కి నిలవడి ఇన్నది. మంచె ఎక్కి కొత్తయి చెప్పు. నేను ఇంటికివోయి జర నడుము వాలుస్త."

ఆమె స్పీకరు ఆపి వెళ్లిపోయింది. చేనులో తానొక్కడే. యోబు మంచె ఎక్కి ఫోనులో రికార్డు నొక్కాడు. పందులకే కదా అనుకునేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. హైదరాబాద్ ఆటోల ముచ్చట, పదిహేను సెకండ్ల ముచ్చట, పాలాయన జ్వరం ముచ్చట… కోడి కూసేదాకా చెప్పాడు. ఒక్క పంది గట్టెక్కలేదు. తెల్లవారాక మొదటి పది నిమిషాలు, వినకుండానే, పంపేశాడు.

తొమ్మిదింటికి కామారెడ్డి రేడియో మేడమ్ పద్మప్రియ నుంచి ఫోను.

"అన్నా, ఉద్యోగం మీకే. సోమవారం రండి. ఊఁ కొట్టే ఆమెను గూడ తోలుకరండి."

"ఎవలు మేడమ్?"

"మీరు ఆగినప్పుడల్లా మెల్లగ ఊఁ అంటున్నది గదా. ఒక్కోసారి నవ్వుతున్నది గూడ. ఎంత ఇష్టంగ ఇంటున్నదో!"

రాత్రి ఊఁ కొట్టింది నువ్వేనా అని, చద్ది గిన్నె పట్టుకుని గట్టు మీద వస్తున్న చంద్రవ్వను అడిగాడు. "నేనెక్కడ? నడుము వాల్చినదాన్ని ఇగో, ఇప్పుడే లేచిన," అంది ఆమె.

యోబు రికార్డు పెట్టి, ఫోను చెవికి ఆనించుకున్నాడు. తన గొంతే, హుషారుగా: "తర్వాత ఏమైందో తెలుసా…?"

చిన్న విరామం. ఆ వెంటనే, ఫోనులోంచే, మెల్లగా ఒక ఆడగొంతు:

"ఊఁ… అయితే?"