నుడిబిళ్ళ తీసిన పూట

హాంకాంగ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం గంజి వేళ. చెంచా పట్టుకుని నూకరత్నం, పళ్ళు బిగించుకుని లామ్ అవ్వ. నిన్నా మొన్నా ఇదే తంతు. నూకరత్నానికి చెయ్యి లాగేస్తోంది, విసుగు కూడా రానంత అలసటగా ఉంది.

“కొంచెం తినవ్వా” అని తెలుగులోనే మనసులో అనుకుంది. అంగిలికి అతికించిన నుడిబిళ్ళ ఆమె నాలుకను తనే ఆడించి, ఆ మాటను అచ్చం ఆ ఊరివాళ్ళు అన్నట్టే కాంటనీస్‌లో పలికించింది. విన్నది తెలుగు చేసి చెప్పేదీ ఆ బిళ్ళే. అవ్వ మొహం తిప్పేసుకుంది.

పోయిన వారం దాకా వాడిన పాత బిళ్ళకు పుస్తకాల భాష తప్ప వేరే తెలియదు. అక్కడ రాసే మాట వేరు, ఇంట్లో అనే మాట వేరు. దాని పుణ్యమా అని నూకరత్నం పూటపూటా ‘హెక్ ఫాన్’ అనేది, మనింట్లో ఎవరైనా ‘అన్నము భుజింపుము’ అన్నట్టు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వి, “సిక్ ఫాన్! సిక్!” అని దిద్దేది. అలా తెరిచిన నోట్లోకే చెంచా వెళ్ళేది. తన చేపల కొట్టు మూసేశాక ఆ ముసలామెకు మిగిలిన పని ఇలా ఒకరికి నేర్పడం ఒక్కటే. ఇప్పుడిచ్చిన ఈ కొత్త బిళ్ళలో వాడుకమాటలు నింపారు. తప్పులు పోయాయి, దిద్దే పనీ పోయింది.

పర్యవేక్షకురాలు భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చింది. నూకరత్నంలాగే ఆవిడదీ కాకినాడే.

“ఇయ్యాళ కూడా ముట్టలేదేంటే? సాయంత్రం ముక్కులోంచి గొట్టం ఏసేత్తారంట.”

“పాత బిళ్ళ ఇప్పించండక్కా.”

“అయ్యన్నీ ఎనక్కి పంపేశారు కదే.”

“అయితే ఇది తీసేత్తాను.”

“తీసేసి ఏం మాటాడతావే? ఒక్క ముక్క రాదు నీకు. పైవోళ్ళు చూశారంటే ఉద్యోగం ఊడిపోద్ది.”

నిజమే. ఇన్నేళ్ళూ మాట్లాడింది బిళ్ళే. కావాలని తప్పు అనబోయినా అది ఊరుకోదు, సరిచేసేస్తుంది. నూకరత్నం నిట్టూర్చి, గోటితో దాన్ని ఊడదీసి జేబులో వేసుకుంది. నోరు బోసిపోయినట్టయింది, భయమేసింది. వెతగ్గా వెతగ్గా, పూటపూటా అన్న మాట ఒకటి నాలుకకు తగిలింది.

“హెక్... ఫాన్.”

అవ్వ ఇటు తిరిగింది. గబగబా ఏదేదో అంది. తిట్టిందో, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడిగిందో నూకరత్నానికి తెలియలేదు. చివరిది మాత్రం తెలిసిన మాటే.

“సిక్ ఫాన్! సిక్!”

చెంచా లోపలికి వెళ్ళింది. భ్రమరాంబ కిటికీ తెర సర్దుతూ నిలబడింది.

గంజి సగమయ్యాక అవ్వ చెంచా వైపు వేలు చూపించి ఒక కొత్త మాట చెప్పింది, అనమన్నట్టు చూసింది. నూకరత్నం అంది. తప్పే అంది, ఈసారి నిజంగానే రాక.