నా కూతురైతే చెప్పేది

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది టీవీ. దాన్ని లేపేది అమ్మ. ముఖం కడుక్కోకముందే రిమోట్ నొక్కుతుంది, కాఫీ పొయ్యి మీద పెట్టకముందే సౌండు పెంచుతుంది. కొన్నాళ్ళుగా ఏ చానెల్ తిప్పినా ఒకటే గోల, ఒక పెద్ద సినిమా దర్శకుడి మీద ఆరోపణలు. ముందు ఒక నటి నోరు విప్పింది, తర్వాత ఇంకొక నటి, ఆ తర్వాత పేరు చెప్పని మూడో మనిషి. పొద్దున్న ఒకాయన వచ్చి దర్శకుడు దేవుడంటాడు, మధ్యాహ్నం ఒకావిడ వచ్చి రాక్షసుడంటుంది, సాయంత్రానికి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి యాంకరు తమాషా చూస్తాడు.

"సిగ్గూ శరం లేని మనుషులు" అంది అమ్మ, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని కారెక్కుతున్న నటిని చూసి. "ఆయన సినిమాల్లో వేషాలు వేసి, ఆయన పేరు చెప్పుకుని బతికి, ఇవాళ ఆయన మీదే దుమ్మెత్తిపోస్తున్నారు. ఇన్నేళ్ళూ ఏం చేశారట, గుర్రుపెట్టి నిద్రపోయారా?"

కూతురు ఉడికిన గుడ్డు ఒలుస్తోంది. పెంకుతో పాటు సగం గుడ్డు ఊడి చేతిలోకి వచ్చింది.

"కాస్త సౌండు తగ్గించమ్మా."

"ఎందుకు తగ్గించాలి? నాలుగు నిజాలు చెవిన పడనీ. ఏమండీ, మీరైనా చెప్పండి, ఆయన అలాంటివాడేనా?"

నాన్న పేపరు వెనక నుంచి "ఊఁ" అన్నాడు. లిఫ్టు మెకానిక్‌గా రిటైరైన దగ్గర్నుంచి ఆయన మాటల ఖర్చు బాగా తగ్గించాడు. ఆ "ఊఁ" అవునో కాదో అడిగే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అమ్మకి ఆ దర్శకుడంటే ప్రాణం. ఆయన తీసిన ప్రతి సినిమాలోనూ ఒక తల్లి ఉంటుంది, చివర్లో ఆ తల్లి కాళ్ళ మీద ఎవరో ఒకరు పడి ఏడుస్తారు, హాల్లో అమ్మ కూడా ఏడుస్తుంది. పైగా అమ్మకి టీవీ చానెళ్ళకి ఫోన్లు చేసే పిచ్చి. వంటల ప్రోగ్రాం, మోకాళ్ళ నొప్పుల డాక్టరు, పాత పాటలు, దేన్నీ వదలదు. యాంకర్లకి ఆవిడ గొంతు కంఠతా వచ్చేసి 'లైన్లో అమ్మగారు' అని పేరే పెట్టేశారు. ఒకసారి దర్శకుడే ప్రోగ్రాంకి వస్తే ఈవిడకి లైను కలిసింది. "మీరు నాకూ అమ్మేనమ్మా" అన్నాడాయన. ఆ ఒక్క ముక్క పాలవాడికీ, పళ్ళ డాక్టరుకీ, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికీ చెప్పింది.

ఆవిడకి తెలియనిదల్లా ఒక్కటే. పేరు చెప్పని ఆ మూడో మనిషి తన కూతురే.

పద్నాలుగేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఆ పిల్ల దర్శకుడి సినిమాలో బట్టల విభాగంలో సహాయకురాలిగా చేరింది. నటులకి కొలతలు తీయడం, కుట్లు విప్పి వేయడం, ఇస్త్రీ చేసి తగిలించడం పని. ఒక సాయంత్రం ఏదో కోటు భుజం సరిగ్గా లేదని ఆయన గదిలోకి పిలిచి లోపల గడియ పెట్టాడు. ఆ తర్వాత జరిగినదంతా ఆమె మొన్న లాయరుకి చెప్పింది. లాయరు ఏమీ అడ్డుపడకుండా విని, చివర్లో ఒకే మాట అడిగింది. "ఆ రోజుల్లో ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ. ఎవరికీ చెప్పలేదు" అంది కూతురు. అది అబద్ధం.

ఆమె ఇప్పుడు బట్టలు సరిచేసే చిన్న కొట్టు నడుపుతోంది. ఆ ఉదయం ట్రయల్ రూములో తెర వేసుకుని, మెడలో కొలతల టేపుతోనే స్టూలు మీద కూర్చుని చానెల్ ఫోను కోసం చూసింది. గొంతు మార్చి వినిపిస్తామన్నారు, పేరు అడగబోమన్నారు. ఆ నటీమణులిద్దర్నీ సినిమావాళ్ళు కాబట్టి ఏమైనా అనొచ్చన్నట్టు ఏకిపారేస్తుంటే ఆమెకి ఊరుకోబుద్ధి కాలేదు. సూదీ దారంతో బతికే మనిషి కూడా ఒకతె ఉందని నలుగురికీ తెలియాలనుకుంది.

ఫోను వచ్చింది. చెప్పాల్సింది చెప్పింది. గొంతు వణక్కుండా చెప్పినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. స్టూడియోలో ఒక నిర్మాత కూర్చున్నాడు. "కథ బాగుందమ్మా, స్క్రీన్‌ప్లే ఎవరిది?" అని నవ్వాడు. యాంకరు ఆయన్ని వారించినట్టే వారించి, "ఆ రోజే ఎవరికైనా చెప్పారా మేడమ్?" అన్నాడు.

"లేదు" అంది మళ్ళీ.

"ఉండండి, మన లైన్లో అమ్మగారు వచ్చేశారు. చెప్పండమ్మగారూ, మీరేమంటారు?"

కూతురు మెడలోని టేపు గట్టిగా పట్టుకుంది.

"నేననేదేముంది బాబూ" అంది ఫోన్లో అమ్మ. సొంత వంటింట్లోంచి, ప్రెషర్ కుక్కర్ విజిల్‌తో సహా. "నాకూ ఒక ఆడపిల్లుంది. అదీ ఆయన దగ్గరే పని చేసింది. ఆయన దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. ఈవిడెవరో ఎవరికీ చెప్పలేదంటోంది. కన్నతల్లికి కూడా చెప్పుకోలేనిది ఊరందరికీ ఎలా చెప్తుంది బాబూ? ఆడదానికి మొదట గుర్తొచ్చేది తల్లేగా. నా కూతురైతే ఆ రోజే నాకు చెప్పేది. చెప్పలేదంటే ఏమీ జరగలేదనే."

"వినిపించిందా మేడమ్?" అన్నాడు యాంకరు. "ఒక తల్లి అడుగుతోంది. మీ అమ్మగారికి ఎందుకు చెప్పలేదు?"

తెర అవతల ఎవరో కస్టమరు, "ప్యాంటు అంచు మడిచారా అమ్మా?" అని కేక వేసింది. ఆమె ఫోను కట్టేసింది.

మధ్యాహ్నానికల్లా ఆ ముక్క కత్తిరించి ప్రపంచమంతా తిప్పారు. 'తల్లి ప్రశ్నకి తోక ముడిచిన ఫిర్యాదుదారు' అని కింద ఎర్రక్షరాలు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కింద చేరి, డబ్బు కోసమని ఒకడు, వేషం ఇవ్వలేదన్న కసి అని ఒకడు, తోచినంత బురద చల్లారు. కూతురు పని ఆపి అవన్నీ చదివింది. చదవకూడదని తెలిసీ చదివింది. సాయంత్రం లాయరు ఫోను చేసింది.

"ఆ ప్రశ్నతో మనకి బాగా దెబ్బ తగిలింది. రేపు మధ్యాహ్నం సినిమా సంఘం వేసిన విచారణ కమిటీ కూడా మొదట అదే అడుగుతుంది. అప్పట్లో మీరు చెప్పిన మనిషి ఒక్కరున్నా వేరే సంగతి. బాగా ఆలోచించండి. మీది ఒంటరి మాటగా మిగిలిపోతే మిగతా ఇద్దరి ఫిర్యాదుల్ని కూడా దీంతో కలిపి కొట్టేస్తారు."

కూతురు కొట్టు మూసి ఇంటికి నడిచింది. నడుస్తున్నంతసేపూ ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో అమ్మ వెలిగిపోతోంది. పక్కింటావిడతో ఫోన్లో, "ఆ, నేనే, నేనే అడిగాను. ఒక్క మాటకి దాని నోరు పడిపోయింది" అంటోంది. కూతుర్ని చూడగానే ఫోను పెట్టేసి, "విన్నావా నన్ను? పొద్దుట్నుంచీ వేస్తూనే ఉన్నారు" అంది.

కూతురు వెళ్ళి టీవీ కట్టేసింది.

"అదేంటే, నేను చూస్తుంటే?"

"నువ్వు నోరు మూయించింది నన్నేనమ్మా."

"ఏంటి?"

"ఫోన్లో ఉన్న మనిషి నేనే. గొంతు మార్చారు. నువ్వు మార్చుకోలేదు, అందుకే నాకు తెలిసింది."

అమ్మ కూర్చుండిపోయింది. పేపరు వెనక నాన్న కదలలేదు. ఆ తర్వాత అమ్మ తనకి చేతనైన పనే చేసింది, ఎదురు తిరిగింది.

"అయితే నాకెందుకు చెప్పలేదే? కన్నతల్లిని, నాకు చెప్పకుండా టీవీవాళ్ళకి చెప్తావా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"మర్నాడు పొద్దున్నే. నువ్వు బాత్రూము బయట బట్టలు నానబెడుతున్నావు. ఆయన గడియ పెట్టాడమ్మా, నేనింక అక్కడికి వెళ్ళను అన్నాను. నువ్వేమన్నావో చెప్పనా? 'పెద్దవాళ్ళు కాస్త చనువుగా ఉంటారు. నీ చోటు కోసం వందమంది కాచుకుని కూర్చున్నారు. నోరు మూసుకుని వెళ్ళు' అన్నావు."

"నేనా? నేనలా అంటానా? నువ్వేదో పని కష్టంగా ఉందన్నావు గానీ... ఇప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు కల్పించకు. టీవీలో వాళ్ళ సావాసం పట్టి నువ్వు కూడా..."

"చెప్పింది" అన్నాడు నాన్న.

పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. ఆయన ముఖం పూర్తిగా కనపడి చాలా రోజులైనట్టనిపించింది.

"అమ్మాయి చెప్పింది. నువ్వన్న మాట కూడా అదే. నేను బాత్రూములో గడ్డం గీసుకుంటున్నాను. తలుపు తీసే ఉంది."

కూతురు ఆయన వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకి ఇవాళే తెలిసింది.

"విన్నావా నాన్నా? విని ఏం చేశావు?"

"గడ్డం గీసుకోవడం పూర్తి చేశాను."

ముందు తేరుకున్నది అమ్మే. "అన్నీ విని నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్న మనిషి ఇవాళ నా మీద సాక్ష్యం చెప్తాడట" అని మొగుడి మీదకి లేచింది. ఆయన ఈసారి పేపరు వెనక్కి పోలేదు, తల వంచుకున్నాడు.

"మీరిద్దరూ తర్వాత తిట్టుకోండి" అంది కూతురు. "ఎవరికైనా చెప్పావా అని లాయరు అడిగితే లేదన్నాను. ఎందుకో తెలుసా? చెప్పానంటే నిన్ను పిలుస్తారు. నువ్వు తలొంచుకుని నిలబడాల్సొస్తుంది. నా తల్లిని నలుగురిలో అలా నిలబెట్టడం ఇష్టం లేక అబద్ధమాడాను. నువ్వు నన్ను లోకమంతా చూసేలా నిలబెట్టావు, వెనక కుక్కర్ కూత పెట్టుకుని."

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అమ్మ తలుపు దాకా వచ్చింది, పిలిచింది, తిట్టింది, బతిమాలింది. తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత టీవీ మోగలేదు.

తెల్లారేసరికి అమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఆ లాయరు దగ్గరికి నేనూ వస్తాను."

"ఎందుకు, నా కూతురు చాలా మంచిదని చెప్పడానికా?"

"కాదు."

"జరిగింది చెప్తానంటే రా. కన్నీళ్ళు పెట్టుకుని నీ కథ చెప్పేట్టయితే ఇంట్లోనే ఉండు."

బస్సులో పక్కపక్కన సీట్లున్నా కూతురు నిలబడే ఉంది. బయల్దేరేటప్పుడు నాన్న కూడా వస్తానంటే ఆమె వద్దంది. "నీ వంతు వస్తుంది, అప్పుడు రా" అంది. ఆయన ఇంటి గేటు దగ్గరే ఆగిపోయాడు.

లాయరు ఆఫీసు ఇరుకైన గది. బల్ల నిండా ఫైళ్ళు, మూల చప్పుడు చేసే ఫ్యాను. కూతురు ముందు తన అబద్ధం ఒప్పుకుంది. లాయరు కోప్పడలేదు, కొత్త కాగితం తీసుకుంది.

"నిన్న టీవీలో వాగింది నేనే" అంది అమ్మ, ఎవరూ అడగకుండానే. "ముందు అది రాసుకోండి."

"తర్వాత రాద్దామమ్మా. ఆ రోజు అమ్మాయి మీకేం చెప్పింది?"

అమ్మ చెప్పింది. గడియ సంగతి చెప్పింది, బట్టలు నానబెడుతున్న సంగతి చెప్పింది, నోరు మూసుకుని వెళ్ళమన్నానని చెప్పింది. రాత్రి కూతురు అప్పజెప్పిన మాటలు ఒక్కటి కూడా మార్చకుండా తన నోటితో మళ్ళీ అంది.

లాయరు కలం ఆపింది. "అప్పట్లో మీకు విషయం పూర్తిగా అర్థం కాలేదని రాయమంటారా? చాలామందికి అర్థం కాదు."

"అర్థం కాకపోవడమేంటండీ, బాగానే అర్థమైంది. వీధి వీధంతా చెప్పుకున్నాను, మా అమ్మాయి ఆయన దగ్గర చేస్తోందని. ఆ గొప్ప పోతుందనిపించింది. అంతకంటే నాకేమీ లేదు చెప్పడానికి."

"మరి నిన్న ఏమీ జరగలేదన్నారే?"

"మర్చిపోయానండీ. మర్చిపోవాలని పట్టుబట్టి కూర్చుంటే ఏదైనా మర్చిపోతాం. రాత్రి దీని తలుపు బయట కూర్చున్నాను. ఒక్కొక్కటే గుర్తొచ్చింది."

"అమ్మాయికి ఆ మాట చెప్పి, తర్వాత ఏం చేశారు?"

అమ్మ పమిట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. కూతురు గోడ వైపు చూస్తోంది. ఇంకా చెప్పడానికి ఏముందో ఆమెకి తెలియదు.

"జడ వేశాను" అంది అమ్మ.

"ఏంటమ్మా?"

"ఇది కింద కూర్చుని ఏడుస్తోంది. దువ్వెన తెచ్చి, వెనక కూర్చుని జడ వేశాను. జుట్టు పక్కకి తీస్తే మెడ మీద గీతలున్నాయి. గోళ్ళు దిగిన గీతలు, మూడో నాలుగో, ఎర్రగా. దీనికి కనపడవు కదా, వెనక వైపు. నాకు కనపడ్డాయి. అందుకని జడ బిగించలేదు, వదులుగా అల్లి వాటి మీదకి వచ్చేలా వేశాను. ముఖం కడిగి ఆయన దగ్గరికే పంపించాను."

కూతురి చెయ్యి తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఆ గదిలో జరిగిన ప్రతిదీ గుర్తుంది గానీ, ఈ గీతల సంగతి ఆమెకి తెలియదు. తల్లి వేళ్ళు ఆ పొద్దున్న తన జుట్టులో తిరిగాయన్నది కూడా గుర్తు లేదు. అమ్మ నమ్మలేదనుకుని పద్నాలుగేళ్ళు బతికింది. అమ్మ నమ్మింది. నమ్మే పంపింది. ఈ రెంటిలో ఏది ఎక్కువ నొప్పో ఆమెకి తేలలేదు.

"అది కూడా రాయండి" అంది అమ్మ. "నా పేరు దాచొద్దు. టీవీలో అడిగితే టీవీలోనూ చెప్తాను. ఈసారి తిడితే నన్ను తిట్టనీ."

"ఎక్కడ అడిగినా చెప్తారా?"

"చెప్తానండీ. కళ్ళారా చూసింది నేనొక్కదాన్నే."

లాయరు రాసింది, చదివి వినిపించింది, కాగితం తిప్పి ముందుకు జరిపింది. అమ్మ కలం పట్టుకుంది. సంతకం మొదటి అక్షరం దగ్గరే కాగితం జారిపోయింది. కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"నెమ్మదిగా పెట్టమ్మా" అంది. అంటూనే ఏడ్చేసింది.