మెట్ల కింద నిమ్మతొక్కల డబ్బా

మెట్ల కింద డబ్బా పేలిన చప్పుడుకు అశోక్‌నగర్‌లోని ఆ మేడంతా ఉలిక్కిపడింది. త్రివేణి వంటింట్లోంచి పరుగున వచ్చేసరికి గోడ నిండా నిమ్మతొక్కలు. వాటి మధ్య, పై గదిలో కొత్తగా కిరాయికి దిగిన వినయ్, జుట్టులో ఒక తొక్కతో.

"మూత ఎవరు బిగించిన్రు?"

"నేనే అక్కా. వదులుగుండె, పొర్లిపోతదని..."

"గ్యాస్ పోవాలనే వదులు చేసిన. గ్రూప్స్‌కు చదువుతున్నవ్, గది తెల్వదా?"

"అది సిలబస్‌ల లేదక్కా."

త్రివేణికి ఆ జవాబు కంటే 'అక్కా' అన్నందుకే ఎక్కువ మండింది.

బజారులో దొరికే బాత్రూం యాసిడ్ వాసనకు ఆమె తల్లి దమయంతికి ఆయాసం వస్తుంది. అందుకే త్రివేణి చిక్కడపల్లి జ్యూస్ బండి దగ్గర తొక్కలు అడిగి తెచ్చి, బెల్లం, నీళ్లు కలిపి ఊరబెడుతుంది. మూడు నెలలకు వడగడితే ఆ నీళ్లతో గచ్చు, బాత్రూం, జిడ్డు పట్టిన స్టవ్వు అన్నీ మెరుస్తాయి. అందాకా రోజూ మూత తీసి గ్యాస్ వదలాలి. వదలకపోతే ఏమవుతుందో వినయ్ జుట్టే చెబుతోంది.

నష్టం తానే పూడుస్తానన్నాడతను. సాయంత్రం లైబ్రరీ నుంచి వస్తూ సంచీ నిండా నిమ్మ, బత్తాయి, చివరికి పుచ్చకాయ తొక్కలు కూడా తెచ్చాడు. ఫ్రూట్ సలాడ్ చేద్దామా అని త్రివేణి అడిగింది. కొత్త డబ్బా పెట్టారు. పొద్దున్నే మూత తీసే పని అతనిది. అక్క అనొద్దని ఆమె చెప్పాక, ఏమని పిలవాలో తోచక కొన్నాళ్లు "ఇగో" అని పిలిచాడు. వాన జల్లు కొట్టిన రోజు డబ్బాను లోపలికి జరిపారు. అంత బరువేం లేదు. అయినా ఇద్దరూ పట్టారు.

పరీక్ష అయిపోయింది. పక్క గదుల వాళ్లు ఖాళీ చేశారు. వినయ్ మాత్రం, పాడు చేసింది తనే కాబట్టి ఆ నీళ్లు తయారు చేసి ఇచ్చే పోతానన్నాడు. వడగట్టిన మర్నాడే ఊరికి బస్సట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి త్రివేణికి అన్నం సహించలేదు. మధ్యాహ్నం తల్లి కునుకు తీస్తుండగా గుప్పెడు తాజా నిమ్మతొక్కలు డబ్బాలో వేసింది. కొత్తవి పడితే మళ్లీ మొదటి నుంచి ఊరాలి. తల్లికి అన్యాయం చేస్తున్నానని తెలుసు. అందుకే కుంకుడుకాయలు నానేసి, ఆ నురగతో చేతులు నొప్పి పుట్టేదాకా బాత్రూం తోమేది. ఇంకా కాలేదా అని వినయ్ అడిగితే, వాసన సరిగా రాలేదని తల దించుకునేది. తొందరేం లేదనేవాడు. ఆ మాటకు సంతోషం, వెంటనే దిగులు. ఎన్నాళ్లని ఆపగలదు?

ఒకరోజు పొద్దున దమయంతి మూత తీసి చూసి, ఇద్దరినీ పిలిచింది.

"నిమ్మతొక్కలు మా పిల్ల వేసింది. నేను కండ్లు మూసుకున్న గని నిద్ర పోలె. మరి గీ తాజా బత్తాయి తొక్కలు ఎవరివి? మా ఇంట్ల బత్తాయి తినక ఎన్ని దినాలాయె."

వినయ్ మెట్ల వైపు చూశాడు. పారిపోయే వీలు లేదు, దమయంతి అడ్డంగా నిలబడింది.

"నేనే ఆంటీ. మూత తీసినప్పుడల్లా..."

"నువ్వెందుకేసినవ్?" అంది త్రివేణి.

"తయారైతే పోవాలె గద. పోబుద్ధి అయితలేదు నాకు."

"నోరు తెరిచి చెప్తే ఏమైతుండె?"

"నువ్వు చెప్పినవా మరి?"

త్రివేణి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వు మాత్రం ఆగలేదు.

"ఇద్దరు గిట్లనే ఏసుకుంట పోతే నా బాత్రూం ఎప్పుడు కడగాలె?" అంది దమయంతి. "వినయ్, ఆదివారం మీ అమ్మానాన్నను రమ్మను. డబ్బా చూడనీకి కాదు, పిల్లను అడగనీకి. ముందుగాల పైనున్న తాజా తొక్కలు తీసేసి, కింది నీళ్లు వడగట్టున్రి."

పల్చటి గుడ్డ చెరో కొస పట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దమయంతి డబ్బా వంచింది.