ఎర్ర దారానికి పైన

నూకరత్నం జడ కొసను యంత్రం పళ్ల మధ్య బిగించారు. ఫ్యామిలీ కోర్టుకి ఆ యంత్రం వచ్చి ఆరు నెలలైంది. మనిషి తాగినదీ పీల్చినదీ నెత్తుటిలోంచి వెంట్రుకలోకి ఎక్కుతుంది. వెంట్రుక నెలకో సెంటీమీటరు పెరుగుతుంది. యంత్రం కొస నుంచి కుదురు దాకా చదివి, సగటు తీసి, ఒక అంకె చెబుతుంది. ఎవరి అంకె తక్కువైతే బిడ్డ వాళ్లది. జడ్జిగారికి ఆలోచించే పని తప్పింది.

"ఈ ఎర్ర దారం చూడండమ్మా," అంది నూకరత్నం, యంత్రం తయారుచేసిన డాక్టర్ సునందినితో. "సారా మానేసిన రోజు కుదుట్లో కట్టుకున్నాను. జానెడు కిందికి దిగింది. దారానికి పైన చుక్క లేదు. కిందదంతా పాత పాపం."

"యంత్రం మొత్తం చదువుతుందమ్మా. మధ్యలో ఆపకూడదు."

అంకె డెబ్భై రెండు.

మొగుడు సన్యాసిరావుది గంజాయి. నెల కిందట సింహాచలంలో గుండు కొట్టించుకుని, ఆ నెల మాత్రం ఓపిక పట్టాడు. మొలిచిన సెంటీమీటరు శుభ్రం. అంకె సున్నా.

"అప్పన్న నా పక్కే," అని నవ్వి, ఆరేళ్ల పైడమ్మను రెక్క పట్టి లాక్కుపోయాడు. అడ్డుపడిన నూకరత్నం జడను చేతికి చుట్టుకుని ఆమె ముఖాన్ని తలుపుకేసి కొట్టాడు. పన్ను రాలింది. మొగుడూ పెళ్లాల గొడవ అని బంట్రోతు తలుపు మూశాడు.

రెండు నెలల తర్వాత తనిఖీ. ఇంట్లో పొగ పిల్లకి పట్టిందేమో దాని వెంట్రుకలే చెప్పాలి. పైడమ్మ గుండుతో వచ్చింది.

"మొక్కు," అన్నాడు సన్యాసిరావు.

మంగలి కత్తి సాక్ష్యాన్ని గీసేసింది. దాని కింద ఉన్నదాన్ని గీయలేకపోయింది. నెత్తిన మూడు బీడీ మచ్చలు, చెవి వెనక కుట్లు.

"నమూనా లేదు," అంది సునందిని, స్క్రీన్ చూస్తూ. "జుట్టు పెరిగాక తీసుకురండి."

"మీకు కళ్లు లేవా అమ్మా?" అంది నూకరత్నం.

"మనుషుల కళ్లను నమ్మొద్దని కోర్టుకి రాసిచ్చింది నేనే," అంది సునందిని.

నూకరత్నం ఇనప స్టూలు ఎత్తింది. మూడు దెబ్బలకి యంత్రం పళ్లు ఊడాయి. నాలుగోది సన్యాసిరావు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడుకి పైడమ్మ పరుగున వచ్చి తల్లి కొంగులో దూరింది.

పోలీసులొచ్చారు. ఎవరిని ఈడ్చుకెళ్లాలన్న సందేహమే రాలేదు వాళ్లకి. ఆ ముగ్గురిలో చేతికి చిక్కే జుట్టు ఆమె ఒక్కదానికే ఉంది. గుప్పిట సరిగ్గా ఎర్ర దారానికి పైన పడింది.